సైటోకలాసిన్ విషమా, పనిముట్టా?

బెంగళూరులో ఎమ్మెస్సీ చదువుతున్న మీరు అడిగింది: బూజుల నుంచి వచ్చే సైటోకలాసిన్ కణాన్ని చంపే విషమా, ప్రయోగాలకు పనికొచ్చే సాధనమా? రెండూను. ఏదవుతుందో మోతాదు, సమయం తేలుస్తాయి.

కణానికి ఆకారం, కదలిక ఇచ్చే యాక్టిన్ అనే ప్రోటీన్ తంతువులు ఒక కొసన వేగంగా పెరుగుతాయి. సైటోకలాసిన్ సరిగ్గా ఆ కొసకు మూతలా అతుక్కుని కొత్త యాక్టిన్ చేరకుండా ఆపుతుంది. మా ప్రయోగశాలలో సైటోకలాసిన్లలో డి అనే రకం కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, పళ్లెం అడుగున పరుచుకున్న కణం చూస్తుండగానే ముడుచుకుపోతుంది; కొమ్మల్లాంటి సన్నని పోగులే మిగులుతాయి. మందు కడిగేస్తే మళ్లీ పరుచుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

సైటోకలాసిన్ ఉంటే, విభజన వేళ కేంద్రకం రెండవుతుంది గాని, నడుమును బిగించే యాక్టిన్ వలయం పనిచేయక కణం చీలదు. 1985లో ఫెనెక్, మోర్లీ అనే శాస్త్రవేత్తలు రూపొందించిన సూక్ష్మకేంద్రక పరీక్షకు ఇదే ఆధారం. బి రకం కలిపిన తెల్ల రక్తకణాల్లో జంట కేంద్రకాలున్నవి ఒక్కసారి విభజన జరిగినవన్నమాట. వాటిలో విడిగా కనిపించే చిన్న కేంద్రకాలను, అంటే సూక్ష్మకేంద్రకాలను, లెక్కిస్తే రేడియేషన్, రసాయనాలు క్రోమోజోములకు చేసిన నష్టం తెలుస్తుంది.

బి రకం గ్లూకోజు రవాణాను కూడా అడ్డుకుంటుంది కనుక, గ్లూకోజును కొలిచే ప్రయోగాలైతే డి రకమే మేలు. రైతులు పురుగుల మీద చల్లే మెటారైజియం కూడా డి రకాన్ని తయారుచేసే శిలీంధ్రమే.

సైటోకలాసిన్‌ను డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావకంలో కరిగించేటప్పుడు చేతి తొడుగులు మరవకండి. ఆ ద్రావకం మందును చర్మం గుండా లోపలికి తీసుకెళ్లగలదు.