లిఫ్ట్ తలుపు దగ్గర ఆపెయ్

తమ్ముడూ,

నువ్వు పంపిన టీజర్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. 90 సెకన్లలో 34 షాట్లు రాశావు. హత్య, ఛేజింగ్, పోలీసు జీపులు, హీరో ఫ్లాష్‌బ్యాక్, చివర్లో ముసుగు తీస్తున్న చెయ్యి, అన్నీ ఉన్నాయి. చదవడం అయ్యాక నా మనసులో మిగిలింది తొమ్మిదో షాట్ ఒక్కటే. అర్ధరాత్రి, అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో లిఫ్ట్ తెరుచుకుంటుంది. లోపల ఎవరూ లేరు. తడిసిన చిన్నపిల్ల చెప్పులు మాత్రం ఉన్నాయి. నువ్వేమో దాన్ని రెండు సెకన్లలో దాటేసి ఛేజింగ్‌లోకి వెళ్లిపోయావు. ప్రాణం ఉసూరుమంది.

టీజర్ అంటే ఊరించడం. ఊరించేవాడు విస్తరి నిండా వడ్డించడు కదా. నేను వారపత్రికలకు సీరియల్ రాసే రోజుల్లో ఈ పని ‘సశేషం’ చేసేది. ఒక వారం, తలుపు చప్పుడు దగ్గర ఆపాల్సింది పోయి, తలుపు తీయించి బయట నిలబడ్డ మనిషిని కూడా చూపించి ఆపాను. అంతవరకూ ‘ఎవరండీ వాడు’ అని కట్టలకొద్దీ వచ్చే ఉత్తరాలు ఆ వారం నాలుగైదుకు పడిపోయాయి. ఒక్క వాక్యం ఎక్కువ రాసినందుకు!

1960లో వచ్చిన హాలీవుడ్ భయానక చిత్రం ‘సైకో’ ట్రైలర్ తీరిగ్గా చూడు. ఆరున్నర నిమిషాలు ఉంటుంది. సినిమాలోని సీన్లు వేయకుండా, దర్శకుడు హిచ్‌కాక్ తనే వచ్చి కథ జరిగే మోటెల్‌నీ (దారి పక్క లాడ్జి), వెనకున్న పాత ఇంటినీ తిప్పి చూపిస్తాడు. కొనడానికి వచ్చినవాళ్లకు ఇల్లు చూపిస్తున్నంత తాపీగా నడుస్తాడు. మెట్ల దగ్గర జరిగిన ఘోరం గురించి మొదలుపెట్టి, మధ్యలో మాట మింగేస్తాడు. బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి ఇప్పుడంతా శుభ్రం చేసేశారంటాడు. ఆ మాట వినగానే నెత్తురు మన కళ్ల ముందుకొస్తుంది. ఆఖర్న షవర్ కర్టెన్ లాగుతాడు, ఒక ఆడమనిషి కేక. హత్య ఎక్కడ జరిగిందో ఇంత ధారాళంగా చెప్పినవాడు, ఎవరు చేశారో, ఎందుకు చేశారో మాత్రం బయటపెట్టలేదు. అంతా చూశామనుకుంటూనే ఏమీ తెలియకుండా బయటికొస్తాం. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ లెక్క.

1979లో ‘ఏలియన్’ ట్రైలర్ అయితే డైలాగే లేకుండా నడిచింది. ఒక గుడ్డు పగలడం, చెవులు కోసేసే ఒక శబ్దం, అంతరిక్షంలో నీ కేక ఎవరికీ వినపడదన్న ఒక్క లైను.

శబ్దం అన్నాను కాబట్టి ఇంకో మాట. నువ్వు ప్రతి షాట్ పక్కనా ‘భారీ బీజీఎం’ (నేపథ్య సంగీతం) అని రాశావు. అన్నిచోట్లా అరిస్తే టెన్షన్ ఎక్కడ పుడుతుంది? నీ లిఫ్ట్ దగ్గర మ్యూజిక్ వద్దు. పక్క ఫ్లాట్‌లోంచి టీవీ మాటలు సన్నగా వినపడనీ. లిఫ్ట్ ‘టింగ్’ మంటుంది. కెమెరా చెప్పుల మీదికి దిగేసరికి ఆ టీవీ ఠక్కున ఆగిపోవాలి. గోడ అవతల ఎవరో చెవి ఒగ్గి వింటున్నారని చూసేవాడికి తనంతట తనకే తోచాలి.

ఛేజింగ్ షాట్ల గురించి కూడా చెప్పాలి. నీ కథలో ఉన్నది ఒకే ఒక్క ఛేజింగ్, అదీ రెండు నిమిషాలు. టీజర్ నిండా అదే పరిస్తే యాక్షన్ సినిమా అనుకుని వస్తారు. మార్నింగ్ షో నుంచి బయటికొచ్చి వాళ్లు చెప్పే టాక్‌ని ఏ పోస్టరూ ఆపలేదు. నీది భయపెట్టే కథ. ఆ భయాన్నే చూపించు.

ఆ ముసుగు షాట్ ఇవాళే కొట్టేయ్. తొమ్మిదో షాట్ ఒక్కటే పెట్టుకుని 40 సెకన్లకు మళ్లీ రాయి. చెప్పులు కనపడ్డాక లిఫ్ట్ తలుపులు మూసుకోవడం మొదలుపెట్టాలి, సగంలో ఏదో అడ్డం పడ్డట్టు ఆగాలి. అక్కడ టైటిల్ వెయ్యి. ఆదివారం లోపు పంపావంటే, రాత్రి లైట్లన్నీ తీసేసి ఫోన్‌లోనే చదువుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య