ఫిట్స్ ఉన్నాయి, కొండలెక్కడమే కెరీర్ చేసుకోవాలని ఉంది. మెడికల్ ఫారంలో చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ క్యాంపుకి వెళ్ళాను. అప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ఇంటర్‌లో ఫిట్స్ మొదలయ్యాయి, మొత్తం మూడుసార్లు వచ్చాయి. లెవెటిరాసిటామ్ రెండు పూటలా వేసుకుంటున్నాను, 14 నెలలుగా మళ్ళీ రాలేదు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఉత్తరకాశీలో పర్వతారోహణ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు చేసి, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలని కోరిక. డాక్టర్ గారు "ఎత్తులకీ నీళ్ళకీ దూరంగా ఉండు" అన్నారు. అమ్మేమో ఫారంలో ఫిట్స్ సంగతి రాయొద్దంటోంది, బయటికి తెలిస్తే రేపు సంబంధాలు రావని ఆమె భయం. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఫారం సంగతి తేల్చేద్దామమ్మా, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. దాచొద్దు.

ఎందుకో చెప్తాను. బేసిక్ కోర్సు 28 రోజులు. అందులో మంచు మీద నడిచే రోజుల్లో 4,000 మీటర్లకు పైన ఉంటారు, ఒకే తాడుకి నలుగురైదుగురు కట్టుకుని నడుస్తారు. అక్కడ నువ్వు ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయావనుకో. ఎత్తైన చోట స్పృహ తప్పితే ఎవరైనా మొదట అనుమానించేది గాలిలో ఆక్సిజన్ తక్కువై మెదడు వాచిపోయిందేమోనని. నీకు ఫిట్స్ ఉన్నాయని ముందే తెలిసిన డాక్టరు ఒకలా ఆలోచిస్తాడు, తెలియనివాడు ఇంకోలా ఆలోచిస్తాడు, ఆ తేడాతో విలువైన గంటలు పోతాయి. పైగా అదే తాడుకి కట్టుకున్న మిగతా పిల్లలు కూడా నీతో పాటు కిందికి జారే ప్రమాదం ఉంది, వాళ్ళకీ ఇంట్లో అమ్మానాన్నలు ఉన్నారు కదా. ఇన్సూరెన్స్ చేయించినా, ఉన్న జబ్బుని దాచారని తేలితే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అదొక్కటే చాలు.

అమ్మగారూ, ఈ నాలుగు మాటలు మీకు. మీ భయం ఊరికే పుట్టింది కాదండీ, మన ఊళ్ళలో ఫిట్స్ అనగానే మొహాలు ఎలా మారిపోతాయో మీరు చూసే ఉంటారు. హిందూ వివాహ చట్టంలో కూడా ఒకప్పుడు మూర్ఛరోగం పెళ్ళికి అడ్డంకి అనే రాసి ఉండేది. 1999లో ఆ మాట తీసేశారు. మాత్రలతో అదుపులో ఉండే జబ్బు ఇది. ప్రపంచం మొత్తం మీద 5 కోట్ల మందికి ఉందనీ, సరైన వైద్యం అందితే అందులో నూటికి డెబ్భై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ అమ్మాయి ఇప్పటికి 14 నెలలుగా అదే చేసి చూపిస్తోంది. ఆ సంగతి దాచుకోవాల్సినది కాదండీ, ఆమె సాధించుకున్నది. ఊరందరికీ చెప్పమని నేను అనను. ఆమె ప్రాణం ఎవరి చేతిలో పెడుతున్నామో వాళ్ళకి మాత్రం చెప్పి తీరాలి.

ఇక డాక్టర్ గారి మాట. "ఎత్తులకీ నీళ్ళకీ దూరం" అనేది ఓపీలో ఐదు నిమిషాల్లో చెప్పగలిగిన జాగ్రత్త, కొత్తగా ఫిట్స్ వచ్చిన ఎవరికైనా అదే చెబుతారు, తప్పు లేదు. కానీ ఆయనకి బౌల్డరింగ్ అంటే ఏమిటో, టాప్ రోప్ అంటే ఏమిటో తెలిసి ఉండకపోవచ్చు, నువ్వూ వివరంగా అడిగి ఉండవు. మూర్ఛరోగం మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం ఒకటుంది, ఐఎల్‌ఏఈ అంటారు. వాళ్ళు 2016లో ఆటలన్నిటినీ మూడు గుంపులుగా విడదీసి ఒక నివేదిక ఇచ్చారు. క్రికెట్, వాలీబాల్, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ లాంటివి మొదటి గుంపు, ఫిట్స్ ఉన్నవాళ్ళకి వాటిలో చెప్పుకోదగ్గ అదనపు ప్రమాదం లేదు. సైక్లింగ్, ఈత, గుర్రపు స్వారీ, జిమ్నాస్టిక్స్ రెండోది, ఆడేవాళ్ళకి కొంత ప్రమాదం ఉంటుంది కాబట్టి జాగ్రత్తలు కావాలి. మూడో గుంపులో పారాచూట్, స్కూబా డైవింగ్, మోటార్ రేసింగ్, సర్ఫింగ్, వాటితో పాటు నీ క్లైంబింగ్ కూడా ఉంది. అబద్ధం చెప్పి నిన్ను ఉబ్బేయడం నాకిష్టం లేదు, నువ్వు ఎంచుకున్నది ఉన్నవాటిలో కష్టమైన గుంపే.

అయితే క్లైంబింగ్ అనే ఒక్క మాట కింద చాలా రకాలున్నాయి. ప్రతిదాని దగ్గరా నిన్ను నువ్వు ఒకటే అడుగు: ఇప్పుడు రెండు నిమిషాలు నాకు స్పృహ లేకపోతే నేను ఎక్కడ ఉంటాను, నన్ను ఎవరు పట్టుకుని ఉంటారు, నా వల్ల ఇంకెవరు పడతారు?

టాప్ రోప్‌లో తాడు పైనుంచి వచ్చి నీ నడుముకి వేసే పట్టీకి, అంటే హార్నెస్‌కి కట్టి ఉంటుంది, రెండో కొస కింద బిలే చేసేవాళ్ళ దగ్గర, అంటే నువ్వు పడకుండా తాడు పట్టుకుని కాసేవాళ్ళ దగ్గర ఉంటుంది. గోడ మీద నీకు ఫిట్స్ వస్తే చేతులు వదిలేస్తావు, తాడు బిగుసుకుని నువ్వు వేలాడతావు. అలా ఎక్కువసేపు వేలాడనివ్వకూడదు, వెంటనే దించి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. హెల్మెట్ తప్పనిసరి. కింద తాడు పట్టుకున్న మనిషికి నీ సంగతి ముందే తెలిసి ఉండాలి, అతను అనుభవం ఉన్నవాడై ఉండాలి. డాక్టర్ ఒప్పుకుంటే నువ్వు మళ్ళీ మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. బౌల్డరింగ్‌లో తాడు ఉండదు, ఎత్తు తక్కువ, కింద మందపాటి పరుపులు ఉంటాయి. వినడానికి ఇదే సేఫ్ అనిపిస్తుంది కానీ ప్రతి పడటమూ నేల దాకా పడటమే, పడేటప్పుడు కాళ్ళు ముందు ఆనించి దొర్లడానికి నీకు స్పృహ ఉండదు. కాబట్టి ఎత్తు బాగా తక్కువగా ఉన్నవే చెయ్యి. లీడ్ క్లైంబింగ్‌లో ఎక్కుతూ ఎక్కుతూ తాడుని నువ్వే క్లిప్ చేసుకోవాలి, పడితే దూరం పడతావు, దాన్ని ఇప్పటికి పక్కన పెట్టు. మంచు కొండలు దాని తర్వాతి మాట.

నువ్వు కోరుకుంటున్నది ఇన్‌స్ట్రక్టర్ పని, అసలు చిక్కు అక్కడ ఉంది, దీని గురించి నువ్వు ఆలోచించినట్టు లేదు. నువ్వు ఎక్కడం వేరు, పదిమందిని ఎక్కించడం వేరు. బిలే చేసేటప్పుడు కింది చెయ్యి తాడు మీద నుంచి ఒక్క క్షణం కూడా తీయకూడదని మీ క్యాంపులో మొదటిరోజే చెప్పి ఉంటారు. రోజంతా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వస్తుంటారు, ఎండలో నిలబడి, అన్నం ఆలస్యమై, అలసిపోయి ఉంటావు, అప్పుడు నీ చెయ్యి పట్టు వదిలితే నలభై అడుగుల ఎత్తులో తొమ్మిదో తరగతి పాప ఉంటుంది. తాడు దానంతటదే బిగుసుకునే పరికరాలు వచ్చాయి, అయినా వాటిని తయారుచేసినవాళ్ళు కూడా చెయ్యి తీయమని చెప్పరు. నీ ప్రాణానికి వచ్చే రిస్కు గురించి నువ్వూ డాక్టరూ కూర్చుని నిర్ణయించుకోవచ్చు, ఆ పాప తరఫున నిర్ణయించే హక్కు మనకి లేదు. అందుకని ఒంటరిగా గ్రూపుని కొండకి తీసుకెళ్ళే గైడ్ ఉద్యోగాన్ని నీ ఏకైక లక్ష్యంగా పెట్టుకోవద్దని గట్టిగా చెప్తున్నాను. ఏళ్ళ తరబడి ఫిట్స్ రాకపోతే అప్పుడు మళ్ళీ మాట్లాడదాం.

అదే రంగంలో ఉండాలంటే దారులు లేవా? ఉన్నాయి. నువ్వు వచ్చే ఏడాది డిగ్రీ పూర్తి చేస్తావు కదా, కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఐఐటీటీఎం అనే సంస్థకి మన నెల్లూరులోనే క్యాంపస్ ఉంది, అక్కడ టూరిజంలో ఎంబీఏ చేయొచ్చు. ట్రెక్కింగ్ కంపెనీల్లో రూట్ ప్లానింగ్, పర్మిట్లు, క్యాంపుకి సరుకులు, ఎవరికైనా బాగోకపోతే కిందికి దించే ఏర్పాట్లు, ఇదంతా చూసేవాళ్ళు లేకపోతే పైన గైడ్ ఎంత గొప్పవాడైనా ఏం లాభం? కొండ తెలిసిన మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే వచ్చే తేడా వేరే ఉంటుంది. రెండోది స్పోర్ట్ క్లైంబింగ్. టోక్యో ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్ క్రీడ, మన దేశంలో జాతీయ పోటీలు ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ జరుపుతుంది. కోచింగ్, జడ్జింగ్ వైపు చూడు. కోచ్ నేల మీద నిలబడి కదలికలు దిద్దుతూ, తాడు పని ఇంకొకరికి అప్పగించొచ్చు. గోడ మీద రూట్లు అమర్చే పని కూడా ఉంది కానీ అందులో నిచ్చెనలెక్కి డ్రిల్లు పట్టుకుని పనిచేయాలి, అది నీకు వద్దు.

కొన్ని తలుపులు మూసే ఉన్నాయి, వాటి ముందు నిలబడి ఏళ్ళు పోగొట్టుకోవద్దు. సైన్యం, పైలట్ ఉద్యోగం, మనుషుల్ని వెంట తీసుకుని ఎగిరే పారాగ్లైడింగ్, రాఫ్టింగ్ గైడ్, స్కూబా ఇన్‌స్ట్రక్టర్ ఇవన్నీ వదిలేయ్. రుషికొండలో సరదాగా ఒక్క డైవ్ అయినా వద్దు, నీళ్ళ కింద ఫిట్స్ వస్తే నోట్లో గాలి గొట్టం నిలవదు. డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులో కూడా మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు, కాబట్టి జీపు నడపాల్సిన ఉద్యోగాలని లెక్కలోంచి తీసేయ్.

మారియన్ క్లినే అనే సైక్లిస్టు గురించి చెప్పాలి నీకు. అమెరికాలో ఉండేది, 22 ఏళ్ళప్పుడు మూర్ఛరోగం ఉందని తేలింది, డ్రైవింగ్ లైసెన్స్ పోయింది. ఆఫీసుకి వెళ్ళడానికి సైకిలెక్కింది. అమెరికా జట్టులో చోటు దక్కకపోతే ఫ్రాన్స్ తరఫున ఆడి 1996 అట్లాంటాలో, 2000 సిడ్నీలో ఒలింపిక్ రజతాలు తెచ్చుకుంది. దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్‌కి కూడా చిన్నప్పటి నుంచి ఈ జబ్బు ఉందని ఆయనే బయటికి చెప్పాడు. 1992 వరల్డ్ కప్‌లో గాల్లోకి ఎగిరి ఇంజమామ్‌ని రనౌట్ చేసిన మనిషి! చాందా గన్ అనే అమెరికా అమ్మాయిది నీ కథకి ఇంకా దగ్గర: సముద్రం ఒడ్డున పెరిగింది, ఫిట్స్ వల్ల ఈత, సర్ఫింగ్ మానుకోవాల్సి వచ్చింది, మంచు మీద ఆడే హాకీకి మారి గోల్ కీపరై 2006 వింటర్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆమెకి ఆ ఆట మొదటి కోరిక కాదు, రెండోది.

వచ్చే అపాయింట్‌మెంట్‌కి ఖాళీ చేతులతో వెళ్ళకు. పాత ఈఈజీ, ఎమ్మారై రిపోర్టులు, మూడుసార్లు ఫిట్స్ వచ్చినప్పుడు టైమెంత, నిద్రలోనా మెలకువలోనా, అంతకు ముందు రాత్రి ఎంతసేపు పడుకున్నావు, మాత్ర మర్చిపోయావా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళు. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి టీ గ్లాసో బ్రష్షో జారిపోవడం ఎప్పుడైనా జరిగిందా? జరిగితే అది తప్పకుండా చెప్పు. నీ వయసులో కనిపించే ఒక రకం మూర్ఛలో అలాగే ఉంటుంది, దానికి నిద్ర తక్కువైతే అస్సలు పడదు. శిఖరం ఎక్కేవాళ్ళేమో అర్ధరాత్రి లేచి బయల్దేరతారు. ఫిట్స్ వచ్చే ముందు నీకు ఏదైనా తెలుస్తుందా, పొట్టలో తిప్పినట్టు, వింత వాసన వచ్చినట్టు, అదీ చెప్పు. ఫోన్‌లో టాప్ రోప్ వీడియో ఒకటి డాక్టర్ గారికి చూపించి "ఇది చేయొచ్చా, ఎన్ని నెలల తర్వాత, ఏ షరతులతో" అని అడుగు. ఆయనకి సమయం లేకపోతే మూర్ఛరోగం మీదే ప్రత్యేకంగా పనిచేసే న్యూరాలజిస్ట్ దగ్గరికి రాసిమ్మను. ఏడాది పైగా ఫిట్స్ లేకపోవడం నీకు కలిసొచ్చే విషయమే, అలాగని "బాగానే ఉన్నానుగా" అని మాత్ర మాత్రం సొంతంగా ఆపకు. ఎప్పుడైనా డాక్టరే డోసు తగ్గించడం మొదలుపెడితే ఆ నెలలన్నీ గోడకి దూరంగా ఉండు. ఆ మాత్రతో కొందరికి మగత, చిరాకు, కోపం వస్తాయి, నీకూ ఉంటే చెప్పు, భరించాల్సిన పని లేదు.

వ్యాయామం చేస్తే ఫిట్స్ వస్తాయనే భయంతో కదలకుండా కూర్చుంటావేమో, అది వద్దు. చాలామందికి వ్యాయామం మేలే చేస్తుంది. పరుగు, యోగా, మెట్లెక్కడం మొదలుపెట్టు. వెంట మనిషి ఉంటే చిన్న గుట్టల ట్రెక్కులకీ వెళ్ళు, అంచులకి మాత్రం పోకు. ట్రెక్కులో మాత్రలు రెండు చోట్ల పెట్టుకో, సగం ఒంటి మీద ఉండే చిన్న సంచిలో, సగం స్నేహితురాలి దగ్గర. కంచర గాడిద మీద వెళ్ళే పెద్ద బ్యాగులో పెట్టావంటే సాయంత్రం దాకా నీ చేతికి రాదు. ఊళ్ళో బావిలో, కాలవలో ఈతకి ఒంటరిగా అసలే దిగొద్దు.

నీతో వచ్చే ఇద్దరికైనా నేర్పించు: ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, టైమ్ చూడాలి, 5 నిమిషాలు దాటినా, ఆగి వెంటనే మళ్ళీ వచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం ఏవీ చేయనివ్వొద్దు. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడాజోలామ్ స్ప్రే వెంట ఉంచుకోవాలా అని డాక్టర్‌ని అడిగి రాయించుకో.

బేసిక్ కోర్సుకి ఈ ఏడాది దరఖాస్తు పెట్టకు. డాక్టర్ సరేనంటే ముందు టాప్ రోప్ మీద ఒక సీజన్ గడుపు, తర్వాత నీ రిపోర్టులు, న్యూరాలజిస్ట్ లేఖ జతచేసి ఉత్తరకాశీ వాళ్ళకే రాసి అడుగు. వాళ్ళు వద్దంటే వద్దనే అర్థం, ఇంకో ఇన్‌స్టిట్యూట్‌లో ఫారం మార్చి నింపే ఆలోచన చేయకు. ఈలోపు నెల్లూరు ఎంబీఏ ఎంట్రన్స్ నోటిఫికేషన్ చూస్తూ ఉండు. డాక్టర్ గారు ఏమన్నారో నాకు రాయి, అమ్మగారిని కూడా రాయమను.