మేనల్లుడికి: బేస్‌బాల్ మైనర్ లీగ్ కుర్రాళ్ళని చూసే పద్ధతి

చిరంజీవి శ్రీకాంత్‌కి,

మావయ్య ఆశీస్సులు. మైనర్ లీగ్ కుర్రాళ్ళలో మేజర్ లీగ్‌కి ఎవరు పనికొస్తారో చూసి రాసే స్కౌట్ పనిలో నువ్వు పంపిన మొదటి రిపోర్టు తీరిగ్గా చదివాను. టేబుళ్ళు చక్కగా వేశావు, రాత శుభ్రంగా ఉంది. ఇక మిగతాది చెబుతాను, కోపం తెచ్చుకోకు. హై-ఏలో ఆడుతున్న ఆ లెఫ్ట్ ఫీల్డర్ బ్యాటింగ్ యావరేజ్ .312 (వెయ్యికి 312 హిట్లు) అని, 22 హోమ్ రన్లు కొట్టాడని మొదటి వాక్యంలోనే ఊదరగొట్టావు. వాడికి 24 ఏళ్ళన్న సంగతి మాత్రం రెండో పేజీలో అడుగున దొరికింది. నేనైతే ఆ 24ని వాడి పేరు పక్కనే రాసేవాణ్ణి.

మైనర్ లీగ్‌లో ఏ అంకెకైనా విలువ కట్టేది వయసూ, లెవెలూ. ఒక్కో మేజర్ లీగ్ జట్టు కింద కింది నుంచి పైకి లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని నాలుగు మెట్లు. 2021లో లెక్క మార్చాక మొత్తమ్మీద ఇలాంటివి 120 జట్లు మిగిలాయి. వాటికి దిగువన ఫ్లోరిడా, అరిజోనాల్లో కాంప్లెక్స్ లీగ్‌లు, ఇంకా దిగువన డొమినికన్ సమ్మర్ లీగ్. హై-ఏలో 24 ఏళ్ళవాడంటే కాలేజీ పూర్తిచేసి, ఒళ్ళు గట్టిపడి, తనకంటే చిన్నవాళ్ళ బంతుల్ని బాదుతున్నవాడు. బాదకపోతే ఆశ్చర్యపడాలి గానీ బాదితే ఏముంది? హువాన్ సోటో 2018 సీజన్‌ని లో-ఏలో మొదలుపెట్టాడు. హై-ఏ, డబుల్-ఏ రెండూ దాటేసి మే 20కల్లా వాషింగ్టన్ జట్టులోకి వచ్చేశాడు. అప్పటికి వాడికి 19. డబుల్-ఏలో 20 ఏళ్ళవాడు .250 కొడుతుంటే, హై-ఏలో 24 ఏళ్ళవాడి .312 కన్నా నేను దానికే ఎక్కువ టైము ఇస్తాను.

అలాగని వయసుని గుడ్డిగా పట్టుకుని వేలాడకు. గాయంతో ఏడాది పోయినవాడు ఉంటాడు. 2020లో కరోనా వల్ల మైనర్ లీగ్ సీజనే జరగలేదు, అప్పటి కుర్రాళ్ళందరికీ ఒక ఏడాది ఎగిరిపోయింది. షార్ట్‌స్టాప్‌గా (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) వచ్చి పిచ్చర్‌గా (బ్యాటర్‌కి బంతి వేసేవాడు) మారినవాడూ ఉంటాడు. తర్వాత మేజర్ లీగ్‌లో పెద్ద పిచ్చరైన జేకబ్ డిగ్రామ్ కాలేజీలో షార్ట్‌స్టాపే. 2010 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేది) తొమ్మిదో రౌండులో తీసుకున్నారు, మోచేతికి సర్జరీ కూడా అయింది. అలాంటివాడి లేటుకి కారణం ఉంటుంది. ఆ కారణమేంటో కనుక్కుని రిపోర్టులో రాయి.

రెండోది, గ్రౌండు. ట్రిపుల్-ఏలోని పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో బ్యాటర్ల అంకెలు చూసి మురిసిపోకు. ఆ లీగ్ ఆడే ఊళ్ళలో ఒకటైన ఆల్బకర్కీ 5,000 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పలచన, బంతి ఆగకుండా పోతుంది. కర్వ్‌బాల్ కూడా సరిగా తిరగదు. అక్కడ ఒక పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఐదు రన్లు ఇస్తున్నాడంటే వాడు పనికిరానివాడని కాదు. బ్రాండన్ వుడ్ సంగతి గుర్తుంచుకో. 2005లో కాలిఫోర్నియా లీగ్‌లో, బ్యాటర్లకి పండగలాంటి ఆ చోట, 20 ఏళ్ళ వయసులో 43 హోమ్ రన్లు కొట్టాడు. వయసు బాగుంది, పవర్ నిజమే, పేపర్లన్నీ పొగిడాయి. మేజర్ లీగ్‌లో వాడి కెరీర్ యావరేజ్ .186 దగ్గర ఆగింది. ఆ 43 పక్కన స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులకి అవుటవడం) కూడా వందకు పైనే ఉన్నాయి. అవి ఎవరూ గట్టిగా చదవలేదు.

అందుకే అంకెల్లో నేను ముందు చూసేది యావరేజ్ కాదు. స్ట్రైకవుట్లెన్ని, వాక్‌లెన్ని (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే ఫస్ట్ బేస్‌కి పోవడం), స్ట్రైక్ జోన్‌లోకి (బ్యాటర్‌కి అందే చోటు) వచ్చిన బంతిని ఎన్నిసార్లు మిస్సవుతున్నాడు, బయటికెళ్ళే బంతి వెంట ఎన్నిసార్లు పడుతున్నాడు. నెలరోజుల ఆటలో యావరేజ్ అదృష్టాన్నిబట్టి ఎటైనా ఊగుతుంది. స్ట్రైకవుట్ల శాతం అంత తేలిగ్గా అబద్ధం చెప్పదు. ట్రిపుల్-ఏకి ఇప్పుడు బంతి వేగం, బ్యాట్ తగిలాక ఎంత స్పీడుతో పోయింది, అన్నీ స్టాట్‌కాస్ట్‌లో (బంతిని కొలిచే సిస్టమ్) అందరికీ దొరుకుతున్నాయి. లో-ఏలో ఫ్లోరిడా స్టేట్ లీగ్‌కి కూడా ఉన్నాయి. కంప్యూటర్ పని నాకన్నా నీకే బాగా వచ్చు, అది నేను చెప్పక్కర్లేదు.

నేను చెప్పాల్సింది గ్రౌండులో కూర్చునే పని. ఆట మొదలవడానికి చాలా ముందే వెళ్ళు. బ్యాటింగ్ ప్రాక్టీసులో ఎవడెంత దూరం కొడుతున్నాడని నోరెళ్ళబెట్టకు. ఎటువైపు కొడుతున్నాడో చూడు. అన్నిటినీ ఒకే పక్కకి లాగేవాడికి పైమెట్టులో బయటి బంతే వేస్తారు. ఇన్‌ఫీల్డ్ ప్రాక్టీసులో షార్ట్‌స్టాప్ బంతి పట్టడం కాదు, పట్టాక అడుగులు ఎలా పడుతున్నాయో చూడు. మొదటి మూడు ఇన్నింగ్స్ క్యాచర్ వెనకాల కూర్చో, పిచ్చర్ బంతి ఎలా తిరుగుతోందో అక్కణ్ణించి తప్ప తెలీదు. తర్వాత బ్యాటర్ ముఖం కనపడేలా పక్కకి మారు. కుడిచేతి బ్యాటరైతే ఫస్ట్ బేస్ వైపు, ఎడమచేతివాడైతే థర్డ్ బేస్ వైపు. ముందు కాలు, భుజం, చేతులు విడివిడిగా కనపడేది అక్కణ్ణించే.

స్టాప్‌వాచ్ జేబులో ఉండాలి. బంతి తగిలిన క్షణం నుంచి ఫస్ట్ బేస్‌ని తొక్కేదాకా కుడిచేతి బ్యాటర్‌కి 4.3 సెకన్లు, ఎడమచేతివాడికి 4.2 అయితే మేజర్ లీగ్ సగటు పరుగు. బంట్‌ని (బ్యాట్ తిప్పకుండా బంతికి ఆనించడం), నడుచుకుంటూ పోయిన పరుగుని లెక్కలోకి తీసుకోకు. క్యాచర్‌కైతే బంతి గ్లౌవ్‌లో పడినప్పటి నుంచి సెకండ్ బేస్ దగ్గర గ్లౌవ్‌లో పడేదాకా చూడు, 2 సెకన్లకి అటూ ఇటూగా సగటు. ఇన్నింగ్స్ మధ్య వార్మప్‌లో వేసే త్రో మీద మార్కులు వేయకు, రన్నర్ నిజంగా పరిగెడుతున్నప్పుడు వేసేదే త్రో.

బ్యాటర్ విషయంలో నేను ఎదురుచూసేది రెండోసారి. మొదటిసారి స్లైడర్‌కి (పక్కకి జారే బంతి) బ్యాట్ గాల్లో తిప్పేసి అవుటయ్యాడనుకో, ఏం ఫరవాలేదు, అందరూ అవుతారు. రెండో ఇన్నింగ్స్ తర్వాత వాడు మళ్ళీ వచ్చినప్పుడు అదే పిచ్చర్ అదే స్లైడర్ వేస్తాడు, ఎందుకంటే ఇందాక పనిచేసింది. అప్పుడు వాడి ముందు కాలు చూడు. ఇందాకటిలాగే తొందరపడి ముందుకు పడిపోతోందా, లేక ఒక్క క్షణం ఆగి నిలబడుతోందా? బ్యాట్ తీయకుండా బంతిని వదిలేశాడంటే స్కోర్‌బోర్డు మీద ఏమీ పడదు, ప్రేక్షకులు చప్పట్లు కొట్టరు. నువ్వు మాత్రం ఆ బంతిని నోట్సులో రాసుకోవాలి. ఈ వదిలేయడం వచ్చినవాడే డబుల్-ఏ దాటతాడు. అసలు జల్లెడ అక్కడే ఉంది. కిందిమెట్లలో పిచ్చర్లు 3-1 మీద (మూడు బాల్స్, ఒక స్ట్రైకు) ఫాస్ట్‌బాల్ తప్ప వేయలేరు. డబుల్-ఏలో అదే 3-1 మీద ఛేంజప్ (ఫాస్ట్‌బాల్ లాగే చెయ్యి తిప్పి నెమ్మదిగా వదిలే బంతి) వేసి నవ్వుతారు.

పిచ్చర్‌లో కూడా ఆ ఛేంజపే చూడు. ఛేంజప్ వేసేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తే ఆ సంగతి నీకే కాదు, బ్యాటర్‌కీ తెలిసిపోతుంది. ఫాస్ట్‌బాల్ 97 మైళ్ళు వేశాడని రాడార్ గన్ చూపిస్తే సంతోషం, కానీ ఐదో ఇన్నింగ్స్‌లో, బేస్ మీద ఇద్దరుండగా, ఎంత వేస్తున్నాడో రాయి. పిచ్చింగ్ ప్రాస్పెక్ట్ (ఆశపెట్టుకోదగ్గ కుర్ర పిచ్చర్) అనేవాడే లేడని ఈ వృత్తిలో ఒక పాత మాట. కాస్త ఎక్కువే అయినా ఊరికే పుట్టలేదు. 1991 డ్రాఫ్టులో న్యూయార్క్ యాంకీస్ మొట్టమొదటి పిక్‌గా తీసుకున్న బ్రయన్ టేలర్ ఒక కొట్లాటలో భుజం పోగొట్టుకుని మేజర్ లీగ్ గుమ్మం తొక్కనే లేదు. 2013లో మొదటి పిక్ మార్క్ అపెల్ మేజర్ లీగ్‌లో మొదటి బంతి వేసేటప్పటికి 2022 వచ్చింది.

ఇక నీ గ్రేడు. ఆ లెఫ్ట్ ఫీల్డర్‌కి 60 వేశావు. మన ఇళ్ళల్లో 60 అంటే ఫస్ట్ క్లాసు, 50 అంటే చుట్టాలకి చెప్పుకోలేని సెకండ్ క్లాసు. ఆ అలవాటు వదిలించుకో. 20 నుంచి 80 దాకా ఉన్న ఈ స్కేలులో 50 అంటే మేజర్ లీగ్‌లో రోజూ ఆడే సగటు ఆటగాడు, అదే చాలా పెద్ద మాట. 60 అంటే అక్కడ ఆడేవాళ్ళలో కూడా సుమారు ఆరుగురిలో ఒకడు. నువ్వు రాసిన ఆ కుర్రాడికి ఈ రోజుకి నేను 40 దాటి వేయను. అది తిట్టు కాదు, బెంచీ మీద ఉండి అప్పుడప్పుడూ ఆడగలవాడని అర్థం. పైగా లెఫ్ట్ ఫీల్డర్ కదా, షార్ట్‌స్టాప్ బ్యాటింగ్ కాస్త తగ్గినా గ్లౌవ్‌తో బతికేస్తాడు, లెఫ్ట్ ఫీల్డర్‌కి బ్యాట్ తప్ప దారి లేదు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని అక్క అంటూ ఉంటుంది. ఈ ఆటలో ఆ సామెతకి గిట్టుబాటు లేదు. మైక్ పియాజాని 1988లో 62వ రౌండులో, 1,390వ వాడిగా తీసుకున్నారు. ఇప్పుడు వాడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే దిగ్గజాల జాబితాలో ఉన్నాడు. ఇప్పుడు డ్రాఫ్ట్ 20 రౌండ్లే, ఈ రోజుల్లో అయితే వాడి పేరు ఎవరూ పిలిచేవారే కాదు. తర్వాత పెద్ద స్టారైన ఆల్బర్ట్ పూహోల్స్ 13వ రౌండు. అలాగే స్టారైన హోసే ఆల్టువేని పొట్టిగా ఉన్నాడని సెలెక్షన్ నుంచి ఇంటికి పంపించేశారు, మర్నాడు మళ్ళీ వస్తే 15,000 డాలర్లకి తీసుకున్నారు. కాబట్టి డ్రాఫ్ట్ రౌండు, సైనింగ్ డబ్బు చూసి ముందే మనసులో గ్రేడు వేసుకోకు. వాటిని ఆట చూసేదాకా చదవకపోతే ఇంకా మంచిది.

మనవాడన్న అభిమానం కూడా పక్కన పెట్టాలి. పిచ్చర్ కుమార్ రాకర్ వాళ్ళమ్మ భారత సంతతి అని తెలిసిన దగ్గర్నుంచి, గుడిలో కలిసిన ప్రతివాడూ నన్ను వాడి గురించే అడిగాడు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ మీద 19 స్ట్రైకవుట్లతో నో-హిట్టర్ (ఒక్క హిట్టూ ఇవ్వని ఆట) వేసినవాడు, అభిమానం ఉండటంలో తప్పేముంది? కానీ 2021లో న్యూయార్క్ మెట్స్ పదో పిక్‌గా తీసుకుని, మెడికల్ రిపోర్టు చూసి సైన్ చేయలేదు. వాడు ఇండిపెండెంట్ లీగ్‌లో ఆడాడు, 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకుంది, 2023లో మోచేతి సర్జరీ, 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్. ఈ కథలో మెట్స్ రైటా, టెక్సస్ రైటా అని నన్నడిగితే, ఇద్దరి దగ్గరా ఉన్న ఎక్స్‌రే కాగితం నా దగ్గర లేదంటాను. నీ దగ్గరా ఉండదు. మెడికల్ గురించి ఊహించి రాయకు. నడక, భుజం, చెయ్యి పైకెత్తే తీరు, వీటిలో కంటికి కనిపించింది మాత్రం రాయి.

వ్యక్తుల సంగతి అయ్యింది, మొత్తం ఫార్మ్ సిస్టమ్‌ని (ఒక జట్టు కింద పెరుగుతున్న కుర్రాళ్ళందర్నీ) ఎలా అంచనా వేయాలని అడిగావు. టాప్ టెన్ లిస్టు చూసి మార్కులు వేసేయడం సులువు. నేను 40 మంది రోస్టర్ (మేజర్ లీగ్ జట్టు తనకోసం కాపాడుకునే ఆటగాళ్ళ జాబితా) ఎంత నిండి ఉందో చూస్తాను. 18 ఏళ్ళకో అంతకన్నా ముందో సైన్ చేసినవాణ్ణి ఐదు సీజన్ల తర్వాత, 19కో ఆ తర్వాతో సైన్ చేసినవాణ్ణి నాలుగు సీజన్ల తర్వాత ఆ 40లోకి ఎక్కించాలి, లేకపోతే రూల్ 5 డ్రాఫ్టులో (ఆ జాబితాలో లేనివాళ్ళని ఇతర జట్లు తీసుకునేది) ఇంకొకరు ఎగరేసుకుపోవచ్చు. మంచి కుర్రాళ్ళు ఎక్కువైన జట్టుకి ప్రతి నవంబరూ టెన్షనే. 2021 నవంబరులో టాంపా బే ఇలాగే ఇరుక్కుంది. టోబియాస్ మయర్స్ అనే పిచ్చర్‌కి 40లో చోటు లేక, క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేసింది. బదులుగా అడిగింది డొమినికన్ సమ్మర్ లీగ్‌లో ఆడుతున్న 18 ఏళ్ళ పిల్లవాణ్ణి. వాడే హూనియర్ కామినేరో, 2025లో టాంపాకి 45 హోమ్ రన్లు కొట్టాడు. మయర్స్ క్లీవ్‌లాండ్‌లో నిలదొక్కుకోలేదు గానీ, 2024లో మిల్వాకీకి బాగా వేశాడు, కాబట్టి మయర్స్‌ని కూడా తక్కువ అంచనా వేయడానికి లేదు. నాకు నచ్చింది ఆ అడగటం. ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళి, ఆ లీగ్‌లో ఆ పిల్లవాడి స్వింగ్ చూసి, గట్టిగా రాసుంటారు. ఫార్మ్ సిస్టమ్‌కి బలం అంటే పైనున్న ఇద్దరు స్టార్లు కాదు, ఇలాంటి బేరం ఆడటానికి సరిపడా సరుకు కింద ఉండటం.

ఒక్కమాట, ఆగస్టు అంకెలు చూసేటప్పుడు కాస్త దయ ఉంచు. 2023లో ఒప్పందం కుదిరాకే లో-ఏ కుర్రాడి కనీస జీతం ఏడాదికి 26,200 డాలర్లయింది, అంతకుముందు అది సగం కూడా లేదు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు ఆటలు, సోమవారం బస్సు. కొంతమంది 19 ఏళ్ళకి ఇంగ్లీషు రాకుండా ఊరుగాని ఊళ్ళో వంట చేసుకుంటున్నారు. బ్యాట్ స్పీడు తగ్గిందంటే అది తీరిపోయిన టాలెంటా, నిద్రలేమా అని ఒక్కసారి ఆలోచించి రాయి. ఏప్రిల్‌లో చూసినవాణ్ణి జులైలో మళ్ళీ చూడకుండా గ్రేడు ఖాయం చేయకు.

రిపోర్టులో నువ్వు చూసిన తేదీలు, చూడనివి ఏమిటో కూడా రాయి. ఎడమచేతి పిచ్చర్ మీద వాడిని చూడలేదా, చూడలేదని రాయి. "అచ్చం ఫలానా స్టార్ లాగే" అన్న వాక్యం నీ రిపోర్టులో ఇంకోసారి కనిపిస్తే వెనక్కి పంపించేస్తాను.

వచ్చే వారం డర్హమ్‌లో మంగళవారం నుంచి సిరీస్ ఉంది. పని సెలవు దొరికితే బుధవారం రా, మొదటి రోజు కన్నా అప్పటికి పిచ్చర్లు, బ్యాటర్లు ఒకరినొకరు చూసుకుని ఉంటారు. లెఫ్ట్ ఫీల్డ్‌లో 32 అడుగుల నీలం గోడ ఉంటుంది, దానికి తగిలి వెనక్కి వచ్చిన డబుల్స్ వేరే గ్రౌండులో ఏమయ్యేవో ఆలోచిస్తూ చూడు. ల్యాప్‌టాప్ కారులో వదిలేయ్. స్టాప్‌వాచ్, రెండు పెన్నులు, టోపీ చాలు. అత్తయ్య పులిహోర కలిపి ఇస్తానంటోంది గానీ బయటి తిండి లోపలికి పోనిస్తారో లేదో ముందే కనుక్కో.

అక్కనీ, బావగారినీ అడిగానని చెప్పు.

మీ మావయ్య