ఖర్చుల పద్దును సవరించే ఏర్పాటు గురించి అమ్మాయికి

భీమవరం

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ ఖర్చుల సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి నమోదైన పద్దును తరువాత సవరించుకునే ఏర్పాటును నీకు అప్పగించారని, దానిని మన ప్రాంతపు వ్యాపార సంస్థలలో పరీక్షించాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. లెక్కల గదిలోనూ, ఆ తరువాత ఇటువంటి సాఫ్ట్‌వేర్ తయారయ్యే చోటా పనిచేసినవాణ్ణి కనుక, నాకు ముఖ్యమని తోచిన సంగతులు వ్రాస్తున్నాను.

తెర మీద పెన్సిలు బొమ్మ ఎక్కడ ఉండాలన్న ప్రశ్నతో పని మొదలుపెట్టకు. ఎవరు, ఏ దశలో, దేనిని మార్చవచ్చునో ముందు తేల్చుకో. రొయ్యల మేత అమ్ముతూ ఆకివీడు, ఉండి, కాళ్ళ వైపు చెరువుల వెంట తిరిగే కుర్రవాడు తన పెట్రోలు ఖర్చును పైకి పంపేలోపల ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మేనేజరు ఆమోదించిన తరువాత మొత్తమో తేదీయో మారితే ఆ ఆమోదం చెల్లదు, పద్దు తిరిగి ఆయన వద్దకు వెళ్ళవలసిందే. అయితే వివరణలో అక్షరదోషం దిద్దినా వెళ్ళేటట్లు చేశావంటే, నెల తిరిగేసరికి ఆయన చూడకుండానే అన్నింటినీ ఆమోదించే అలవాటులో పడతారు. సొమ్ము చెల్లించి ఆవర్జాకు, అంటే ఖాతాల పుస్తకానికి, ఎక్కిన పద్దును మాత్రం ఎవరినీ తాకనివ్వకు. దానిని రద్దుచేసే ఎదురు పద్దు వేసి సరిచేయడమే దానికి మార్గం.

చిట్టాలో, అంటే రోజువారీ లెక్కల పుస్తకంలో, అంకె తప్పు పడితే పాత గుమాస్తాలు దానిని చెరిపేవారు కాదు. పాత అంకె చదవడానికి వీలుగా దాని మీద ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టేవారు. నీ ఏర్పాటు చేయవలసిన పని అంతా ఇంచుమించుగా అదే. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలని, ఆ నమోదును ఆపివేసే వీలు ఎవరికీ ఉండకూడదని నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. భాగస్వామ్యంలో నడిచే రైసుమిల్లుకు అది వర్తించకపోయినా, వారి కోసం వేరే తీరు పెట్టకు. మార్పుల చరిత్రను ఆడిటరు వెతికితే తప్ప దొరకని మూల దాచవద్దు. మొత్తం 1,450 నుంచి 1,540కి మారింది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అన్నది ఆ పద్దు కిందనే కనిపించాలి.

ఒక గడి మారితే దానితో ముడిపడినవి ఏమవుతాయన్నది ఇందులో అన్నింటికంటె చిక్కైన భాగం. యానాం మన డెల్టాలోనే ఉన్నా పుదుచ్చేరికి చెందినది కనుక, అక్కడి దుకాణం జీఎస్టీ నంబరు మన ఆంధ్రప్రదేశ్ సంఖ్య 37తో కాక 34తో మొదలవుతుంది. గుమాస్తా అలవాటు కొద్దీ 37తో మొదలయ్యే మరో దుకాణాన్ని ఎంచుకుని, తరువాత తప్పు గ్రహించి మార్చాడనుకో. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా, అంటే కేంద్ర, రాష్ట్ర వాటాలుగా, విడదీసి చూపిన పన్ను రాష్ట్రాల మధ్య లావాదేవీలకు వేసే ఐజీఎస్టీ కావలసి రావచ్చు. దానిని చాటుగా మార్చివేయకు. పాత లెక్కను, కొత్త లెక్కను పక్కపక్కన చూపించి, బిల్లులో ఏది ఉన్నదో సరిచూసుకోమని అడుగు. అందుకోసమే సవరించే తెర మీద బిల్లు ఫొటో ఎప్పుడూ కళ్ళెదుట ఉండాలి.

తేదీ విషయమూ అటువంటిదే. ఒకే రోజు ఒకే వ్యక్తికి నగదుగా 10,000 రూపాయలు దాటి ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు సాధారణంగా చెల్లదు; సరుకు లారీల వారికైతే ఆ పరిమితి 35,000. తేదీ సవరించినప్పుడు రెండు చెల్లింపులు ఒకే రోజుకు చేరవచ్చు కనుక హెచ్చరించు, కానీ అడ్డుకోకు. రైతుకు పంట సొమ్ము ఇచ్చినప్పటిలా మినహాయింపులూ ఉన్నాయి. ఆ హెచ్చరిక చూసి తేదీని మరునాటికి జరిపేవారు కూడా ఉంటారని మరువకు. హెచ్చరిక తరువాత తేదీ మారితే కారణం వ్రాయించుకో.

మరొక మాట. నరసాపురం రేవులో పంటు మీద బైకు దాటించిన చీటీ జేబులో నలిగి పోతుంది. మీరు కొత్తగా బిల్లు తప్పనిసరి అన్నారంటే, ఆ పాత పద్దులో ఊరి పేరు మాత్రమే దిద్దడానికి వచ్చిన మనిషి, తాను తాకని గడి మూలంగా ముందుకు పోలేక ఆగిపోతాడు. ఈ పొరపాటు నేను చాలా సాఫ్ట్‌వేర్‌లలో చూశాను. చెరువు గట్ల మీద సిగ్నలు పోయినప్పుడు మార్పు ఫోనులోనే ఉండిపోయిందని స్పష్టంగా చెప్పాలి. ఒకే పద్దును ఇద్దరు తెరిస్తే వెనుక భద్రపరచినవారి మాట ముందువారి మాటను తుడిచివేయకూడదు.

ఇక పరీక్ష సంగతి. కొనేది యజమాని గారైనా దిద్దేది గుమాస్తా కనుక గుమాస్తాతోనే కూర్చో, అప్పుడు యజమాని గారు వెనుక నిలబడకుండా చూసుకో. మార్పుల చరిత్ర తన మీద నిఘా అని అతడు భయపడితే, తాను నిజంగా పనిచేసే తీరు నీకు చూపించడు. ఒక్కో విడతకు 5 మంది చాలునని, సాఫ్ట్‌వేర్ వాడుక ఎంత సులువో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో వ్రాశారు. అది ఒకే తరహా వాడుకరులకు చెల్లే మాట. నీకు తిరిగేవారు, గుమాస్తాలు, ఆమోదించేవారు అని మూడు తరహాలున్నారు కనుక ఒక్కో తరహా నుంచి కొందరిని తీసుకుని, దిద్ది, మళ్ళీ వెళ్ళు. 11, 20 తేదీలకు జీఎస్టీ గడువులుంటాయి, ఆ ముందు రోజులలో ఎవరి సమయమూ అడగకు. అనుమతిస్తే మాత్రం ఒక మూల కూర్చుని ఊరకే చూడు, అసలు దిద్దుబాట్లు జరిగేది అప్పుడే.

ఫలానా బటన్ నొక్కండి అని చెప్పకు. పేర్లు తీసివేసిన ఒక బిల్లును, తప్పుగా ఎక్కిన పద్దును ఇచ్చి, రెండూ సరిపోయాయో లేదో చూడమను. మనవారు ఇంటికి వచ్చినవారిని నొప్పించరు, కాఫీ ఇచ్చి “ఆయ్, చాలా బాగుందండి” అంటారు. ఆ మాటను లెక్కలోకి తీసుకోకు. వేలు ఎక్కడ తటపటాయించిందో చూడు. సవరించడం మాని పాత పద్దును కొట్టివేసి కొత్తది వేశారా, అది గట్టిగా వ్రాసుకో, నీ ఏర్పాటు మీద వారికి నమ్మకం కుదరలేదన్నమాట. పని అయ్యాక, ఇప్పుడు మేనేజరు గారికి ఏమి కనిపిస్తుందని అడుగు. ఆ జవాబు తప్పైతే తెర ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

తేలిన లోపాలలో, మారిందనుకున్నది మారకపోవడం, మారకూడనిది మారిపోవడం ముందు సరిచేయి. ఆలస్యం కలిగించేవి ఆ తరువాత, రంగులు చివర. తెరలు కట్టకముందే కాగితం మీద గీసిన నమూనాలు నాకు పంపు. తణుకులో నాకు తెలిసిన మిల్లు గుమాస్తా ఒకరున్నారు, 20వ తేదీ దాటాక ఆయనతో మాట్లాడి నీకు ఒక పూట ఏర్పాటు చేస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న