ఒంటిగంటా? ఒక గంటా?

సందేహం: సెలవుల్లో పిల్లల్ని మా కోనసీమలోనే ఒక చిన్న ఊరికి తీసుకెళ్లి, కూడలిలో భద్రంగా ఉంచిన పాతకాలపు గంట చూపించాను. పక్కన బోర్డు మీద 'ఘంట' అని ఉంది. మా అబ్బాయి నోటుబుక్కులో 'ఒక గంటకు ఒక దెబ్బ, రెండు గంటలకు రెండు దెబ్బలు కొట్టేవారు' అని రాసుకున్నాడు. 'ఒంటిగంటకు' అని దిద్దాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయానండి.
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: మీరు దిద్దింది సరైనదే. బోర్డు కూడా తప్పు కాదు. 'ఘంట' సంస్కృత పదం, 'గంట' దాని వికృతి. నోటికి మాత్రం గంటే అలవాటు.

అసలు సంగతి కాలం లెక్కలో ఉంది. మన పూర్వులు రోజును 60 గడియలు చేశారు. గడియంటే 24 నిమిషాలు. 'ఘటిక' నుంచి వచ్చిన మాట అది. ఘటిక అంటే చిన్న కుండ. అడుగున సన్నని చిల్లున్న గిన్నెను నీళ్లలో వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం గడియ. అంటే గడియకు గిన్నె పేరొచ్చింది. రెండున్నర గడియల కాలానికేమో, దాన్ని చాటే గంట పేరే నిలిచింది. తమిళంలో 'మణి' కూడా ఇంతే, గంటా అదే, కాలమూ అదే.

రైలే రాని మా కోనసీమ పల్లెలో బడి గంట రైలుపట్టా ముక్క. చూడ్డానికి గంటలా ఉండదు. అయినా గంట అనే అన్నాం. వస్తువు పేరు కాస్తా మోతకు, మోత పేరు వేళకు పాకిందనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక 'ఒంటి'. ఒంటికాలు, ఒంటిపూట బడి అన్నప్పటి 'ఒంటి'యే ఇదీ. ఒంటిగంట అంటే ఒక్కటే మోత అని నేను అర్థం చేసుకుంటాను. 'ఒక గంట' అరవై నిమిషాల నిడివి. 'ఒక గంట ఆగి రండి' అంటే ఒకటి, 'ఒంటిగంటకు రండి' అంటే ఇంకొకటి. రెండు నుంచి ఈ తేడా మాటలో కనిపించదు, విభక్తి చూసుకోవాలి: రెండు గంటలు కూర్చున్నాడు, రెండు గంటలకు వచ్చాడు.

మీ అబ్బాయి వాక్యంలో మొదటి మాట ఒక్కటీ మారిస్తే చాలు. 'దెబ్బ'ను మాత్రం దిద్దకండి, గంటకు దెబ్బ అనడం చక్కని తెలుగు.