నాలుగో తరగతి పాపకి కరెంటు, అయస్కాంతం ఇంట్లో ఎలా చెప్పాలి?

స్విచ్చి వేయగానే బల్బు ఎందుకు వెలుగుతుందని మీ పాప అడుగుతోందని, పుస్తకంలో నిర్వచనాలు బట్టీ పట్టించినా బుర్రకెక్కడం లేదని రాశారు. మాది రాజోలు వైపండి. సాయంత్రాలు ఈ వయసు పిల్లలకే ట్యూషన్ చెబుతుంటాను. ఎలక్ట్రాన్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాత రకం టార్చిలైటు బల్బు, ఒక సెల్లు, ఒకే ఒక్క వైరు ముక్క చేతికిచ్చి "వెలిగించు చూద్దాం" అని వదిలేయండి.

చాలామంది పిల్లలు సెల్లు బొడిపె నుంచి బల్బు అడుక్కి వైరు ఆనించి చూస్తూ కూర్చుంటారు. వెలగదు. మన వైపు కరెంటుని కాలువ నీళ్లతో పోల్చి చెప్పడం అలవాటు కదా, చిక్కంతా అక్కడే. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు చేలు తడిపి సముద్రంలో కలిసిపోతాయి, వెనక్కి రానక్కర్లేదు. కరెంటుకి మాత్రం తిరుగుదారి ఉండాల్సిందే. సెల్లు ఒక కొస నుంచి బల్బులోని సన్నటి తీగ గుండా రెండో కొసకి చేరాలి. బల్బు అడుగున చుక్క ఒకటి, పక్కనున్న లోహపు తొడుగు ఒకటి, రెండూ తగిలితేనే ఆ దారి పూర్తవుతుంది. చుక్కని నేరుగా బొడిపె మీద నిలబెట్టి, సెల్లు అడుగు నుంచి తొడుగుకి వైరు ఆనిస్తే ఠక్కున వెలుగుతుంది. ఇది మీరు చెప్పేయకండి, ఎంతసేపు పట్టినా దాన్నే కనిపెట్టనివ్వండి. అప్పుడు స్విచ్చి సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఆ దారిని తెంపేది, కలిపేది అదే.

"బల్బు కరెంటుని తినేస్తుందా?" అని తప్పకుండా అడుగుతుంది. తినదు. ఎంత కరెంటు వెళ్లిందో అంతా తిరిగొస్తుంది. ఖర్చయ్యేది సెల్లులో రసాయనాల రూపంలో దాగున్న శక్తి.

అయస్కాంతానికి పెద్దగా చెప్పాల్సింది లేదు, పాడైన స్పీకరులోది ఇచ్చేయండి. స్టీలు రూపాయి బిళ్లకి అంటుకుంటుంది, ఇత్తడి బిందెకి అంటుకోదు. ఈసారి అంతర్వేది వెళ్తే మాత్రం వెంట తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవరు తొడిగి పొడి ఇసుకలో తిప్పితే నల్లటి రవ్వలు వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని పైకి లేస్తాయి. అది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. కవరు లేకుండా తిప్పారో, ఆ రజను వదిలించలేక మీ పని అయిపోతుంది.

ఇక ఈ రెంటినీ కలపాలి. వైరులో కరెంటు పారుతుంటే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ చూపించాడు. ఇంట్లో అయితే మేకు చాలు. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన దగ్గర మోటారు వైండింగ్ షాపులకి కొదవ లేదు, అడిగితే రాగి తీగ ముక్క ఇస్తారు. దానికి వార్నిష్ పూత ఉంటుంది, రెండు కొసలూ గరుకు కాగితంతో గీకకపోతే ఏమీ పనిచేయదు. మూడంగుళాల ఇనుప మేకుకి యాభై చుట్లు దగ్గరదగ్గరగా చుట్టి సెల్లుకి తగిలిస్తే గుండుసూదులు లేస్తాయి. తీసేయగానే రాలిపోతాయి, ఒకటో రెండో మాత్రం వేలాడుతుంటాయి. మేకులో కొంచెం అయస్కాంతగుణం మిగిలిపోయిందన్నమాట. పిల్లలకి అన్నిటికంటే నచ్చేది ఇదే. కొద్ది క్షణాలకు మించి తగిలించి ఉంచొద్దు, తీగ చురుక్కుమంటుంది, సెల్లూ దిగిపోతుంది. ఫ్యాను, రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు మోటారు తిరిగేదీ ఇలాంటి చుట్ల బలంతోనే అని అప్పుడు చెప్పండి.

జాగ్రత్త ఒకటి మొదటిరోజే చెప్పాలి. సెల్లు 1.5 వోల్టులు, గోడ ప్లగ్గులో వచ్చేది 230. సెల్లుతో చేసినవేవీ ప్లగ్గు దగ్గర చేయకూడదు. ఇంకో సంగతి, సెల్లు దారిలో మంచినీళ్ల గ్లాసు పెడితే బల్బు వెలగదు. అది చూసి నీళ్లలో కరెంటు పారదనుకునే ప్రమాదం ఉంది. ఇంటి కరెంటుకి ఆ నీళ్లే చాలు, చెరువుల్లో ఉప్పునీరైతే మరీను. గట్టు మీద ఏరియేటరు వైర్లు, తడిసిన స్టార్టరు పెట్టె ముట్టుకోవద్దని, ఎవరికైనా షాక్ కొడితే వాళ్లని పట్టుకోకుండా ముందు మెయిన్ ఆపమని పెద్దవాళ్లని కేకేయాలని నేర్పండి.