నాలుగేళ్ల పాపకు ఏ బొమ్మలు కొనాలి?

విజయవాడలో ఉంటున్నాం, నాలుగేళ్ల పాపకు ఫోన్ మానిపించి ఆటలతో లెక్కలు నేర్పించాలంటే ఏం కొనాలి అని అడిగారు.

కొనేముందు ఇంట్లో చింతగింజలు ఉన్నాయేమో చూడండి. వామనగుంటల పీట లేకపోతే రెండు వరసలుగా పద్నాలుగు చిన్న గిన్నెలు పెట్టండి, గిన్నెకు ఐదేసి గింజలు. ఒక గిన్నెలోవి తీసి, తర్వాతి వాటిలో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. 'ఒకటి, రెండు' అని వల్లించడం వేరు, ఒక్కో అంకెకు ఒక్కో గింజ వదలడం వేరు. లెక్క అంటే ఏమిటో పిల్లలకు వంటపట్టేది ఈ రెండో దానితోనే. గెలుపోటములు ఇప్పుడే వద్దు, గొడవలైపోతాయి! అష్టాచెమ్మా ఇంకో ఏడాది ఆగి మొదలుపెట్టొచ్చు.

కొనాలనుకుంటే మీ పక్కనే కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్రతో చేసిన ఎడ్లబండి, కల్లుగీత కార్మికుడు, ఏనుగు అంబారీ కొనిచ్చి కథ చెప్పమనండి. మాటలు బాగా వస్తాయి. కాకపోతే ఇవి సున్నితం, పైగా కొన్నింటికి ఎనామిల్ రంగులు వేస్తారు. నోట్లో పెట్టుకునే అలవాటుంటే సహజ రంగులద్దిన ఏటికొప్పాక లక్క బొమ్మలు నయం.

ప్లాస్టిక్ బ్లాకులకు ఐఎస్‌ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం ఆట అయ్యాక చింతగింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఆ లెక్కపెట్టే పని కూడా పాపకే ఇవ్వండి.